బియ్యప్పిండిలో అడుగు

మహేంద్రతనయ నది గట్టు తెంచుకుని ఉద్దానం ఊళ్ల మీద పడ్డ ఏడు.

నీళ్లు తీశాయి గానీ బురద తీయలేదు. తెల్లారగట్ల… సన్నటి వాన… కోడి కూడా కూయని చీకటి.

"ఎవుడ్రా అది? ఆగు!"

ఆగలేదు.

వెనకగదిలోంచి వచ్చిన ఆకారం పెరటి గోడ ఎక్కింది. అవతలికి దూకింది. రెయిన్‌కోటు టపటపా కొట్టుకుంది.

హెడ్ కానిస్టేబుల్ సన్యాసిరావు కూడా దూకాడు. మోకాలు కలుక్కుమంది. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మోకాలు!

పరుగు!

జీడితోట. వరదకి పడిపోయిన చెట్లు పడిపోయినట్టే ఉన్నాయి. ఒక కొమ్మ మొహం మీద చరిచింది. బురద ఒక చెప్పు లాగేసుకుంది. ఒంటి చెప్పుతోనే పరుగు.

ముందు కాళ్ల చప్పుడు… చప్… చప్… చప్…

ఆగిపోయింది.

సన్యాసిరావు కూడా ఆగాడు. ఊపిరి బిగబట్టాడు. ఎక్కడ?

రోడ్డు మీద బండి స్టార్టయింది!

లైటు వేయలేదు. చప్పుడు మాత్రం పలాస వైపు పోయింది. పోయి… పోయి… వానలో కలిసిపోయింది.

కాలికి ఏదో తగిలింది. టార్చి వేశాడు.

ఎలకల బోను. ఖాళీది.

చావింట్లోకి దొంగతనానికి వచ్చేవాడు ఎలకల బోను తెస్తాడా?

*

ఆ ఇల్లు సోమేశ్వరరావుది. సన్యాసిరావు చెల్లెలు కమలకి మొగుడు. సన్యాసిరావుకి బావ.

పలాస బయట, కిడ్నీ జబ్బుకి మందు కనిపెట్టే సెంటర్లో ఎలకల్ని సాకేవాడు. వరద వచ్చిన రోజు డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరాడు. ఇంటికి చేరలేదు. భావనపాడు రేవులో వలకి శవమై తగిలాడు.

వరద పొట్టన పెట్టుకుందన్నారు. అందరూ నమ్మారు. సన్యాసిరావు కూడా నమ్మాడు.

నిన్న పదో రోజు.

పదో రోజు పొద్దుగూకాక, పోయినవాడికి ఇష్టమైనవి వండి ఒక గదిలో పెడతారు. దీపం పెడతారు. నేలంతా బియ్యప్పిండి పల్చగా జల్లి తలుపు మూస్తారు. తెల్లారేదాకా ఇంటివాళ్లెవరూ ఆ గడప తొక్కరు. తెల్లారాక పిండి మీద ఏ అడుగు పడి ఉంటే, పోయినవాడు ఆ రూపంలో వచ్చి తిని వెళ్లినట్టు.

ఎవరింట్లోనైనా నడవలోనే జల్లుతారు. ఈ ఇంట్లో నడవ గోడ వరదకి కూలింది. అందుకని వెనకగదిలో జల్లారు.

ఇంటివాళ్లు అడుగుపెట్టని రాత్రి అని తెలిసినవాడే వచ్చాడు. పిండి ఎక్కడ జల్లారో మాత్రం తెలియనివాడు.

అంటే… మనూళ్ల మనిషే!

సన్యాసిరావు వెనక్కి వచ్చేసరికి గది ముందు ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. సోమేశ్వరరావు తల్లి అప్పలనరసమ్మ చేతిలో లాంతరు ఉంది.

"ఎవులు నాయనా?"

"తెలవదత్తా. సిక్కలేదు."

తలుపు తీసే ఉంది. గడప లోపలే పిండి చెదిరింది. ఎవరో అడుగేసి, ఉలిక్కిపడి, జారి, వెనక్కి తిరిగిన గుర్తు. చిన్న పాదం. చెప్పుల్లేని పాదం.

కమల ఆ అడుగు చూడలేదు. గది మధ్యకి చూస్తోంది.

"అన్నియ్యా!"

ఆ కేకకి సన్యాసిరావు లోపలికి తొంగిచూశాడు.

"ఒచ్చారు అన్నియ్యా… ఆయనొచ్చారు!"

నెత్తళ్ల చేపల వేపుడు పెట్టిన కంచం. కంచం చుట్టూ చిన్న చిన్న అడుగులు. గాదె కింద నుంచి కంచం దాకా… కంచం నుంచి గాదె కిందకి…

ఎలక అడుగులు.

అప్పలనరసమ్మ ఏడవలేదు. లాంతరు కింద పెట్టి దండం పెట్టింది.

"ఎలకల్ని సాకినోడు ఎలకై కాక మరేటై వత్తాడు? తిన్నావా నాయనా… కడుపు నిండా తిన్నావా?"

సన్యాసిరావు వంగాడు. టార్చి దగ్గరగా పెట్టాడు.

ఏదో తేడా.

వెనకకాలి అడుగులో వేళ్ల మధ్య ఖాళీ ఉంది. నడిమి వేలు లేదు. ఒక అడుగులో కాదు. ప్రతి అడుగులోనూ!

బావ మాట చెవిలో వినిపించింది. పోయిన దసరాకి కల్లు తాగుతూ అన్న మాట.

"మా ఎలకలకి పేర్లుండవు బావా. పుట్టగానే కాలేలు కత్తిరిత్తారు. ఏ ఏలు నేకపోతే అదే దాని నంబరు. ఒకే నంబరుతోటి రెండుండవు."

ఇది ఇంటి ఎలక కాదు. సెంటర్ ఎలక!

బావ వాటిని ఎలా పిలిచేవాడో కూడా గుర్తొచ్చింది. మేత డబ్బా మూత మీద గోటితో కొట్టేవాడు. రెండు గబగబా, ఒకటి నెమ్మదిగా.

ఆ డబ్బా మూత గూట్లోనే ఉంది. సన్యాసిరావు గోటితో కొట్టాడు.

టకటక… టక.

గాదె కింద చీకటి కదిలింది.

బూడిద రంగు ఎలక. ఎముకలు తేలి ఉంది. పొట్ట మాత్రం నీరు పట్టి ఉబ్బిపోయింది. భయం లేకుండా నడిచొచ్చి అతని అరచేతిలోకి ఎక్కి కూర్చుంది.

కమల కొంగు నోట్లో కుక్కుకుంది.

*

ఫోను మోగింది. పెళ్లాం జగదాంబ.

"ఏటయ్యా, తెల్లారింది. ఎక్కడున్నావు? రేపు పొద్దున్నే సూది. మరిసిపోకు."

"మరిసిపోను."

ఎలా మరుస్తాడు?

రేపు పొద్దున్న కొబ్బరి మండీ షెడ్డులో క్యాంపు. సెంటర్ కనిపెట్టిన మందు మొదటిసారి మనుషులకి వేస్తారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కాచుక్కూర్చున్నాయి. లిస్టులో మొదటి పేరు జగదాంబది. ఆమె రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాది దాటింది.

'మందు వేసిన ఎలకలన్నీ బతికాయి. వాటి కిడ్నీలు బాగుపడ్డాయి.' సెంటర్ చెప్పిన మాట ఇది. ఆ మాట మీదే పర్మిషన్ వచ్చింది.

అన్నీ బతికి సెంటర్లో ఉంటే… నీరు పట్టిన ఈ ఎలక బావ గాదె కింద ఎందుకుంది?

*

పావని గది కాశీబుగ్గలో. సెంటర్లో కంప్యూటర్ పని ఆమెదే. మందస దగ్గరి ఊరి పిల్ల. బావ ఎప్పుడూ చెప్పేవాడు, ఆ పాప బంగారమని.

తలుపు తీసి సన్యాసిరావుని చూసింది. అతని చేతిలో ఎలక ఉన్న బుట్ట చూసింది. 

"రండి బాబాయ్."

ఎలకని తిప్పి కాలు చూసింది. పెదవి కొరుక్కుంది. ల్యాప్‌టాప్ తెరిచింది.

"జబ్బుల మీద పనికొచ్చే ప్రతి ఎలక జాతికీ ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉంటుంది బాబాయ్. దాని వంశం, దాని జీన్స్, దానికి ఏ జబ్బు వస్తుందో అన్నీ ఉంటాయి. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. మా జాతికి కిడ్నీలు వాటంతటవే పాడవుతాయి. ఇదిగో మా పేజీ."

"ఈ ఎలక మీదేనా?"

"తోక ముక్క తీసి జీన్స్ ఆ పేజీతో కలిపి చూడాలి. కలిస్తే మాది. చూస్తుంటే కలిసేలా లేదు. ఏదో గోదాం ఎలక. బోనులో పడి వేలు తెగుంటుంది. ఇక్కడ వదిలి వెళ్లండి, చూసి చెప్తాను."

సన్యాసిరావుకి ఇంగ్లీషు అంతంత మాత్రం. పేజీ చివర ఉన్న పేరు మాత్రం చదవగలిగాడు. చెల్లెలి పెళ్లి శుభలేఖ మీద అచ్చేయించిన పేరే.

సోమేశ్వరరావు.

పక్కన తేదీ.

పోయిన మంగళవారం!

పోయిన మంగళవారం బావ పాడె మీద ఉన్నాడు. కట్టెలు తడిసి అంటుకోక కిరసనాయిలు పోసింది తనే.

"బావ పేరెందుకుంది పాపా ఇక్కడ?"

"ఎలకల్ని చూసేవాళ్ల పేరు మీదే పేజీ మారుస్తాం."

"సచ్చిపోనోడు మారిసినాడా?"

పావని నవ్వింది. కళ్లు నవ్వలేదు.

"సర్వర్ లేటు బాబాయ్. ఎప్పుడో మార్చింది ఇప్పుడు ఎక్కింది."

ఉంటుందేమో. తనకేం తెలుసు?

బయటికి వచ్చాడు. వరండాలో నిలబడి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"సెల్లీ… బావకి కంప్యూటర్ వత్తాదా?"

"ఏటన్నియ్యా ఆ మాట? సెల్ ఫోన్‌లో పేరు ఎతుక్కోనేడు ఆయన. కంప్యూటరంతా పావనే. ఆయన పేరూ తనే ఎక్కించీది, ఆయన పాస్‌వర్డూ దానికే తెల్సు."

వెనక తలుపు చప్పుడైంది.

పావని! భుజాన బ్యాగు. చేతిలో బుట్ట. స్కూటీ ఎక్కింది.

"సెంటర్‌కి వెళ్తున్నా బాబాయ్, టెస్ట్ చేయాలి."

కాలు ఎత్తింది. కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు మ్యాటు గాడుల్లో తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది.

తడిసి… ముద్దయి… ఎండిన బియ్యప్పిండి!

"పావనీ!"

స్కూటీ దూకింది.

సెంటర్‌కి వెళ్లాలంటే ఎడమకి తిరగాలి. కుడికి తిరిగింది!

*

సన్యాసిరావు బుల్లెట్ ఒక కిక్కుకి అందుకోలేదు. రెండో కిక్కు. మూడు!

బజారు. జీడిపప్పు బస్తాల లారీ అడ్డం. హారన్! తోసుకుంటూ పోయాడు. అదిగో ఎర్ర స్కూటీ. అదిగో బుట్ట!

రైల్వే గేటు.

గంట కొడుతోంది. గేటు దిగుతోంది.

స్కూటీ ఆగలేదు. పావని తల వంచింది. దూరిపోయింది!

గేటు పడింది.

గూడ్సు బండి. పెట్టె… పెట్టె… పెట్టె… అయ్యేలా లేదు! పెట్టెల సందుల్లోంచి ఎర్ర చుక్క చిన్నదవుతోంది.

"ఎత్తవయ్యా గేటు!"

గేట్‌మ్యాన్ చేతులు తిప్పాడు. "రైలు మీద నుంచి ఎల్తారేటి సార్?"

గేటు లేచేసరికి రోడ్డు ఖాళీ.

ఆలోచించు. గేటు అవతల సముద్రం వైపు పోయే దారులన్నీ వరదకి తెగిపోయాయి. తెగనిది ఒకటే.

భావనపాడు!

యాక్సిలరేటర్ తిప్పేశాడు. కూలిన కొబ్బరిచెట్లు రోడ్డు పక్కన శవాల్లా వరసగా పడున్నాయి. ఒక ఊరు. ఇంకో ఊరు. ఏ అరుగు మీద చూసినా కాళ్లు వాచిన మనిషి. ఏ గోడకి చూసినా దండ వేసిన ఫొటో. ముసలివాళ్లవి కావు ఆ ఫొటోలు.

రేవు.

ఎండుచేపల కళ్లం మీద తడి పట్టాలు కప్పి ఉన్నాయి. మనిషి లేడు. పడవలు కట్టేసి ఉన్నాయి. రాళ్ల గట్టు చివర స్కూటీ పడేసి ఉంది.

గట్టు అంచున పావని. అలలు రాళ్ల మీద పగులుతున్నాయి. బుట్ట చేయి చాచి పట్టుకుంది.

"దగ్గిరికి రాకండి బాబాయ్!"

"ఆ బుట్ట ఇటియ్యి పాపా."

"ఇయ్యను!"

టౌను మాట పోయింది. సొంతూరి మాట వచ్చేసింది.

"మా అయ్య ఈ జబ్బుతోటే పోనాడు. మా పెదనాన్న పోనాడు. మా అత్త పోనాది. నాను సదూకున్నది దీనికే! మందు మంచిదే బాబాయ్… ఎలకలే సెడ్డవి. ముసిలివి. తట్టుకోనేకపోనాయి. మళ్లీ మొదలెడితే ఇంకా ఏళ్లు పడతాది. అన్నేళ్లలో ఊళ్లో ఎవులు మిగుల్తారు?"

"అందుకని?"

"జబ్బు రాని జాతివి తెచ్చి బోనుల్లో ఎట్టాను. సచ్చినోటి నంబర్లే ఈటి కాళ్లకి కత్తిరించాను. పేజీ కూడా ఈటికి తగ్గట్టు మార్సీసాను."

"బావ కనిపెట్టినాడు."

పావని తల ఊపింది. జుట్టు నీళ్లు కారుతోంది.

"మందేసినవాటిలో రెండే కొనూపిరితో మిగిలినాయి. సంపీయమన్నాను. సంపనేకపోనాడు. ఇంటికి అట్టుకెళ్లి దాసీసాడు. వరద రోజు కల్వర్టు కాడ ఎదురొచ్చాను. రేపే డాక్టరుగారికి సెప్పీత్తానన్నాడు. కాళ్లట్టుకున్నాను బాబాయ్… ఇన్నేడు. ఇద్దరం పెనుగులాడినాం. జారిపోనాడు."

అల వచ్చి గట్టుని గుద్దింది.

"రాయి అట్టుకున్నాడు. సెయ్యి సాపినాడు. 'పాపా' అన్నాడు…"

"నువ్వు?"

"నా సెయ్యి ఇయ్యలేదు."

సన్యాసిరావు అడుగు ముందుకేశాడు.

"రోజూ ఇంటన్నాను బాబాయ్. గోటితో కొట్టీ సప్పుడు. నా గది కిటికీ మీద… టకటక… టక. రాత్రీ ఆ గదిలో నాను అడుగేసీసరికి… లోపల అదే సప్పుడు! ఎవులూ నేరు!"

దూకాడు! రెక్క దొరికింది.

బుట్ట దొరకలేదు.

గాల్లో తిరిగింది. నీళ్లలో పడింది. మూత ఊడింది.

ఎలక ఈదింది. చిన్న తల… ఒక అల మీద… ఇంకో అల మీద…

మూడో అల మీద లేదు.

పావని రాళ్ల మీద కూలబడింది. చేతులు రెండూ ముందుకి చాచింది. బేడీలు వేయమన్నట్టు కాదు. ఎవరికో అందిస్తున్నట్టు.

*

స్టేషన్లో లేడీ కానిస్టేబుల్ ఎన్నిసార్లు అడిగినా పావని నోరు విప్పలేదు. గోడ వైపు చెవి పెట్టి కూర్చుంది.

సన్యాసిరావు సెంటర్ డాక్టరు దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు.

"ఏం మాట్లాడుతున్నావయ్యా సన్యాసిరావ్? మా ఎలకలన్నీ నంబర్లతో సహా కేజుల్లో ఉన్నాయి. ఇప్పుడే చూసొచ్చాను. రేపు ఊళ్లకి ఊళ్లు వస్తాయి. ఆ పిల్ల నోరు తెరవదు, నీ దగ్గర సాక్ష్యం లేదు. ఏం చెప్పి ఆపమంటావ్?"

"రెండో ఎలక ఉన్నాదండి. అది తెత్తే?"



"మా కేజులో ఉన్న నంబరే దానికీ ఉంటే… రెండిట్లో ఒకటి దొంగ. ఏది దొంగో తేలేదాకా సూది ముట్టను. ఆ డేటాబేస్‌లో పేజీ ఎన్నిసార్లు మార్చినా పాతది ఎక్కడికీ పోదు. తోక ముక్క దాంతో కలిపి చూస్తే తేలిపోతుంది. కానీ ఎలక కావాలి. క్యాంపు మొదలయ్యేలోపు కావాలి."

పొద్దుగూకే వేళకి కమల ఇంటికి చేరాడు. జగదాంబ అక్కడే ఉంది. విన్నది. మొహం తిప్పుకుంది.

"ఎలకని సూపించు, ఆగుతాను. నేదా, ఎల్తాను. ఆ డయాలసిస్ మిషను మీద సూదులు గుచ్చించుకుని పడుకునీది నువ్వు కాదు."

"సచ్చిపోతావే!"

"ఇప్పుడు బతికున్నానేటి?"

సన్యాసిరావు గదిలోకి వెళ్లాడు. మూత మీద కొట్టాడు. టకటక… టక. గాదె కింద ఏమీ కదల్లేదు. మళ్లీ కొట్టాడు. అటక మీద వెతికాడు. బస్తాలు తిరగేశాడు. కొట్టి కొట్టి గోరు చిట్లింది.

రాలేదు.

కమల గుమ్మంలో నిలబడింది.

"మనుసులుంటే రాదన్నియ్యా. రాత్రి గది మూసుంటేనే ఒచ్చింది. ఆయన కూడు ఎట్టి, దీపం ఎట్టి, పిండి జల్లితేనే ఒచ్చింది."

 ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.

పిండి ఒక్కసారే జల్లుతారు. తెల్లారాక ఎత్తి పారే నీళ్లలో కలిపేస్తారు. దాంతో పోయినవాడు పోతాడు. రెండోసారి జల్లితే… రమ్మని పిలిచినట్టు. పిలిస్తే వచ్చినవాడు మళ్లీ వెళ్లడంటారు.

"వద్దు సెల్లీ," అన్నాడు సన్యాసిరావు. "అది మనవోడికి మంచిది కాదు."

అప్పలనరసమ్మ మూల నుంచి లేచింది. చేట తీసుకుంది. పిండి పోసుకుంది.

"అత్తా…"

"రానీండర్రా," అంది ముసలామె. "నా కొడుకేగా!"

కంచంలో నెత్తళ్లు. పక్కన అంచులు ఎత్తుగా ఉన్న మేత డబ్బా, అందులో జీడిపప్పు ముక్కలు. అందులోకి దిగిన ఎలకకి మళ్లీ పైకి రావడం కుదరదు. డబ్బా మూత పక్కనే పెట్టారు. ముసలామె పిండి జల్లుతూ జల్లుతూ వెనక్కి నడిచింది. గడప దాటింది.

తలుపు మూశారు.

*

తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు సన్యాసిరావు. ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు. తనూ పోకూడదు. వాన ఆగింది. ఇల్లంతా నిద్రపోయింది. అతని కళ్లూ మూతలు పడుతున్నాయి…

టకటక… టక.

కళ్లు తెరిచాడు.

కలా?

టకటక… టక.

లోపల! గదిలో! రేకు మూత మీద గోరు!

గదికి వేరే దారి లేదు. కిటికీకి పలకలు కొట్టారు. తలుపు తన వీపుకే ఉంది.

సన్యాసిరావు లేవలేదు. లేవాలనుకున్నాడు. తలుపుకి అరచెయ్యి ఆనించాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయని తర్వాత తెలిసింది.

"బావా," అన్నాడు మెల్లగా.

చప్పుడు ఆగింది.

కోడి కూసింది.

తలుపు తోశాడు. దీపం ఇంకా వెలుగుతోంది. డబ్బాలో బూడిద రంగు ఎలక. ఉబ్బిన పొట్ట. జీడిపప్పు ముక్క రెండు చేతుల్తో పట్టుకుని కొరుకుతోంది. కుడి వెనకకాలికి చివరి వేలు లేదు.

డబ్బా మీద మూత ఓరగా పెట్టి ఉంది. ఊపిరాడేంత సందు వదిలి.

మూత తను పెట్టలేదు. రాత్రి ఎవరూ పెట్టలేదు!

టార్చి కింద పిండి వైపు తిప్పాడు.

ఎలక అడుగులు. వాటి పక్కన…

మగ పాదం. పెద్దది. తడిగా ఉంది. గోడ దగ్గర మొదలై డబ్బా దాకా వచ్చింది. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కనే పడ్డాయి. గొంతుక్కూర్చున్న మనిషివి.

వచ్చిన అడుగులున్నాయి. వెళ్లినవి లేవు.

వెనక కమల లేచిన అలికిడి. సన్యాసిరావు భుజం మీద తువ్వాలు లాగాడు. గబగబా పిండంతా ఊడ్చి అందులోకి ఎత్తాడు. మూట కట్టాడు.

"ఏటొచ్చింది అన్నియ్యా?"

"ఎలకే," అన్నాడు.

అప్పలనరసమ్మ మూట వైపు చూసింది. సన్యాసిరావు మొహం చూసింది. 

"నీళ్లలో కలిపీవాలి అత్తా."

"నీ ఇట్టం నాయనా," అంది ముసలామె.

*

కొబ్బరి మండీ షెడ్డు. జనం. కుర్చీలో జగదాంబ. జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఉంది. దుర్గాప్రసాద్ చేతిలో సూది.

"ఆపండి!"

బల్ల మీద డబ్బా పెట్టాడు సన్యాసిరావు. మూత తీశాడు.

దుర్గాప్రసాద్ ఎలకని తిప్పాడు. కాలు చూశాడు. సెంటర్‌కి ఫోన్ చేసి కేజు తెప్పించాడు. అందులో ఎలక… నున్నగా, బలంగా. దాని కాలూ తిప్పాడు. కుడి వెనకకాలు. చివరి వేలు లేదు.

రెండు ఎలకలు. ఒకటే నంబరు.

డాక్టరు సెల్ ఫోన్‌లో పేజీ తెరిచాడు. చివరి దాకా దించాడు. చచ్చిన మనిషి పేరు పక్కన తేదీ చూశాడు. 

సూది ట్రేలో పెట్టేశాడు.

"క్యాంపు లేదు. వెళ్లిపోండి అందరూ."

అరుపులు. తిట్లు. ఎవరో కుర్చీ విసిరారు. ఒక ముసలాయన నేల మీద కూర్చుని భోరుమన్నాడు.

జగదాంబ జాకెట్టు చెయ్యి కిందకి దించుకుంది. డబ్బాలో ఎలక వైపు చూసింది. దాని ఉబ్బిన పొట్ట వైపు చూసింది. తన కాళ్ల వైపు చూసుకుంది.

"దానికి కాసిని నీళ్లెట్టండి," అంది.

కమల ఆమెని ఆటో ఎక్కించింది. సన్యాసిరావు బుల్లెట్ తీశాడు. హ్యాండిల్‌కి పిండి మూట వేలాడుతోంది.

ఎండ వచ్చింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

చీలిక దగ్గరికి వచ్చాడు. కుడికి తిరిగితే సముద్రం. మూట నీళ్లలో వదిలేస్తే అయిపోతుంది. ఎడమకి తిరిగితే ఇల్లు.

బండి నెమ్మదించాడు.

వెనక… కాళ్లు పెట్టుకునే కమ్మీ దిగిన చప్పుడు.

టక్.

వెనక టైరు కుంగింది. ఇద్దరు కూర్చున్నప్పుడు కుంగినట్టు.

సన్యాసిరావు అద్దంలోకి చూడలేదు. వెనక్కి తిరగలేదు. వీపుకి తడి తగిలింది. వరద నీళ్ల వాసన.

క్యారియర్ ఇనుము మీద గోరు…

టకటక… టక.

"గట్టిగా అట్టుకో బావా," అన్నాడు. "గుంతలున్నాయి."

బండి ఎడమకి తిప్పాడు.